మెకానికల్ చదివినవాళ్లకి ఏరోస్పేస్‌లో పీహెచ్‌డీ ఇస్తారా? అసలు ల్యాబ్‌లో రోజంతా ఏం చేస్తారు?

నన్ను అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, తమ్ముడూ. నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, మిగతావాళ్లకి అర్థం కావడానికి ముందు కుదించి పెడతాను. మీది పర్లాకిమిడి. బీటెక్ మెకానికల్ గుణుపూర్ వైపు, ఎంటెక్ థర్మల్, ప్రాజెక్టు జీడిపిక్కలు ఆరబెట్టే సోలార్ డ్రయర్. వయసు 26. రెండు చోట్ల పీహెచ్‌డీకి మాట్లాడి రమ్మన్నారు. మొదటిది ఏరోస్పేస్ విభాగం, పేరున్న ప్రొఫెసర్, హైపర్‌సోనిక్ ప్రవాహాల (ధ్వని కంటే ఐదు రెట్లకి పైగా వేగంతో పోయే గాలి) మీద పూర్తిగా కంప్యూటర్ పని, ఆయన దగ్గర ఇప్పటికే ఏడుగురు ఉన్నారు. రెండోది మెకానికల్ విభాగం, చేరి నాలుగేళ్లయిన అసిస్టెంట్ ప్రొఫెసర్, ఒక చిన్న విండ్ టన్నెల్ (ఫ్యాన్‌తో గాలి పంపి నమూనాల్ని పరీక్షించే సొరంగం), టర్బైన్ బ్లేడ్ కూలింగ్ మీద పని. ఏది తీసుకోవాలి, మెకానికల్ వాడిని ఏరోస్పేస్‌లో లెక్కచేస్తారా, ల్యాబ్‌లో రోజంతా ఏం చేస్తారు, మీ నాన్నగారు బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నారు, ఆయనకేం చెప్పాలి. ఇంతే కదా.

నా జవాబు: రెండోది తీసుకో. ఒక షరతు ఉంది, కింద చెప్తాను. మెకానికల్ డిగ్రీ గురించి టెన్షన్ పడకు, అది అసలు సమస్యే కాదు.

ముందు ఆ డిగ్రీ సంగతి తేల్చేద్దాం. సతీశ్ ధావన్ గారి పేరు శ్రీహరికోట కేంద్రానికి ఉంది కాబట్టి అందరికీ తెలుసు. ఆయన లాహోర్‌లో చదివింది మెకానికల్ ఇంజనీరింగే, దానికి ముందు ఇంగ్లీషు సాహిత్యంలో ఎంఏ కూడా చేశారు. అమెరికాలోని కాల్‌టెక్‌లో 1951లో పూర్తయిన ఆయన పీహెచ్‌డీ పని ఏమిటో తెలుసా? గాలి ఒక నున్నటి పలక మీదుగా పోతున్నప్పుడు దాన్ని ఎంత బలంతో లాగుతుందో నేరుగా కొలవడం. పలకలో ఒక చిన్న ముక్కని విడిగా, పక్క అంచులకి తగలకుండా అమర్చి, అది గాలికి ఎంత కదులుతోందో చూశారు. తర్వాత ఇస్రో ఛైర్మన్ అయిన మనిషి పీహెచ్‌డీలో చేసింది ఆ చిన్న ముక్కతో కుస్తీ. పేరున్న ఏరోస్పేస్ శాస్త్రవేత్త రొద్దం నరసింహ గారు కూడా మైసూర్ యూనివర్సిటీలో మెకానికల్ చదివి ఆ తర్వాతే ఏరోనాటిక్స్‌కి వచ్చారు. నేను పనిచేసే విభాగంలో బోర్డు మీద మెకానికల్, ఏరోస్పేస్ రెండూ కలిపే రాసి ఉంటాయి. ద్రవాలు, ఉష్ణం, ఘన పదార్థాలు, కంపనాలు, కంట్రోల్స్... పునాది ఒకటే. ఫ్లైట్ మెకానిక్స్, ప్రొపల్షన్ లాంటివి రెండు మూడు కోర్సులు తక్కువ పడితే కోర్స్ వర్క్‌లో తీసుకుంటావు, అంతే.

ఇప్పుడు ల్యాబ్‌లో రోజంతా ఏం చేస్తారో చెప్తాను. ఇది చెప్తే రెండోది ఎందుకు తీసుకోమన్నానో అర్థమవుతుంది. నాకు జరిగిన రెండు సంగతులతో చెప్పడమే తేలిక.

నేను పుట్టి పెరిగింది కోరాపుట్ జిల్లా సునాబేడలో. నాన్న అక్కడి విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తెలుగు రాయడం అమ్మ దగ్గర వారపత్రికలు చూసి నేర్చుకున్నాను, అందుకే నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. తొమ్మిదో తరగతిలో నీళ్లు మరిగించి థర్మామీటర్ చూసే ప్రయోగం చేయించారు. నీళ్లు గలగలా మరుగుతున్నాయి, పాదరసం 97 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు మంట పెట్టినా అంతే. పుస్తకంలో 100 అని ఉంది. క్లాసులో అందరం రికార్డులో 100 అని రాసి సంతకం పెట్టించుకున్నాం. థర్మామీటర్ పాతది, తప్పు చూపిస్తోంది అనుకున్నాం.

అది తప్పు చూపించలేదు. సునాబేడ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి 300 మీటర్లకి మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. అక్కడ నీళ్లు 97 దగ్గరే మరగాలి. ముప్పై మంది పిల్లలం నిజమైన రీడింగ్ కళ్లతో చూసి, దాన్ని కొట్టేసి అబద్ధం రాశాం.

రెండోది దీనికి తలకిందులు. పీహెచ్‌డీ రెండో ఏడు. విండ్ టన్నెల్‌లో 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కడ్డీ నిలబెట్టి, దాని వెనక గాలి సుడులు ఎన్నిసార్లు విడిపోతున్నాయో హాట్ వైర్‌తో కొలుస్తున్నాను. హాట్ వైర్ అంటే కరెంటుతో వేడెక్కించిన 5 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ, గాలి దాన్ని ఎంత చల్లబరుస్తోందో చూసి వేగం చెప్తాం, తల వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు, తుమ్మితే తెగుతుందా అన్నంత భయంగా పట్టుకుంటాం. గాలి వేగం సెకనుకు 5 మీటర్లు. లెక్క ప్రకారం సుడుల ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి ఎన్ని సుడులో, 0.2 అనే స్థిరాంకం ఇంటూ వేగం 5 బై వ్యాసం 0.02, అంటే 50. కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫు) తీస్తే సరిగ్గా 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక శిఖరం. నా ఆనందం అంతా ఇంతా కాదు, గ్రాఫు ప్రింటు తీసి గోడకి అంటించాను కూడా. రెండు నెలలు దాని మీదే పనిచేశాను.

ఒకరోజు మా గైడ్ వచ్చి చూసి, ఏమీ అనకుండా, "ఫ్యాన్ కొంచెం తగ్గించమ్మా" అన్నారు. తగ్గించాను. శిఖరం కదల్లేదు. ఇంకా తగ్గించమన్నారు. కదల్లేదు. ఫ్యాన్ మొత్తం ఆపేయమన్నారు. గాలి లేదు, సుడులు లేవు, 50 దగ్గర శిఖరం మాత్రం అలాగే నిలబడి ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. నేను రెండు నెలలు కొలిచింది గోడలో ప్లగ్గుని. ఎర్తింగ్ సరిచేసి, షీల్డ్ ఉన్న కేబుల్ వేశాక అసలు సిగ్నల్ దాని పక్కన బక్కగా, కాస్త వెడల్పుగా కనిపించింది, వేగం మారిస్తే బుద్ధిగా కదిలింది.

బడిలో నిజమైన రీడింగ్‌ని పుస్తకం చూసి పారేశాను, ల్యాబ్‌లో దొంగ రీడింగ్‌ని అదే పుస్తకం చూసి నెత్తిన పెట్టుకున్నాను. ఈ విభాగంలో రీసెర్చ్ అంటే తొంభై పాళ్లు ఇదే: నీ చేతిలో ఉన్న అంకె ఎక్కడ నుంచి వచ్చిందో నీకు తెలుసా లేదా. మిగతా పది పాళ్లు కొత్త ఆలోచనలు, పేపర్లు, విమానం టికెట్లు. రోజంతా ఏం చేస్తారంటే ఇదే చేస్తారు. గొట్టాల లీకులు వెతుకుతారు, సెన్సర్లు కాలిబ్రేట్ చేస్తారు (అంటే తెలిసిన కొలతతో పోల్చి సరిచూస్తారు), ఉష్ణోగ్రత స్థిరపడేదాకా కూర్చుంటారు, కొనుగోలు ఇండెంట్ మీద సంతకాల కోసం తిరుగుతారు, వర్క్‌షాప్‌లో లేత్ దగ్గర ఉండే ఆయన్ని టీకి పిలిచి మన పీస్ ముందు చేయించుకుంటారు. అసలు రీడింగులు తీసేది వారంలో ఒక పూట.

ఎండాకాలం సంగతి ఒకటి చెప్పాలి, మన వైపు వాళ్లకి బాగా పనికొస్తుంది. హాట్ వైర్‌ని పొద్దున ఆరింటికి చల్లగా ఉన్నప్పుడు కాలిబ్రేట్ చేసి, మధ్యాహ్నం రెండింటికి అదే కాలిబ్రేషన్‌తో రీడింగులు తీస్తే, గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినందుకు వేగంలో సుమారు రెండు శాతం చొప్పున తప్పు వస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఎంతో నువ్వే లెక్క వేసుకో. గాలి పీడనాన్ని బట్టి వేగం కొలిచే పీటో గొట్టం మాటకొస్తే, సెకనుకు 10 మీటర్ల గాలికి అది చూపించే పీడనం 60 పాస్కల్స్, అంటే 6 మిల్లీమీటర్ల నీటి మట్టం. ఆరు మిల్లీమీటర్లు! అందులో అర మిల్లీమీటరు అటూ ఇటూ చదివితే వేగం నాలుగు శాతం తేడా. ఏసీ లేని ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకి ఈ బాధలన్నీ చేతికి తగులుతాయి, ఆ తగలడమే చదువు.

ఇక నీ రెండో సీటు, బ్లేడ్ కూలింగ్. జెట్ ఇంజన్ టర్బైన్‌లోకి వచ్చే గ్యాసు ఆ బ్లేడు లోహం కరిగే ఉష్ణోగ్రత కంటే వేడిగా ఉంటుంది. మరి బ్లేడు కరగదెందుకు? లోపల నుంచి కాస్త చల్లటి గాలి పంపి, అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే రంధ్రాల్లోంచి బయటికి వదులుతారు, అది బ్లేడు మీద పొరలా పరుచుకుంటుంది. దీన్నే ఫిల్మ్ కూలింగ్ అంటారు. ఇందులో తమాషా ఏమిటంటే, ఎక్కువ గాలి వదిలితే ఎక్కువ చల్లబడుతుంది అనుకుంటాం కదా, ఒక హద్దు దాటితే తలకిందులవుతుంది. గాలి జెట్టులా పైకి లేచిపోతుంది, దాని కిందికి వేడి గ్యాసు దూరుతుంది. కాబట్టి ఎంత వదలాలి, ఏ కోణంలో, రంధ్రం మూతి ఏ ఆకారంలో ఉండాలి అన్నదాని మీద దశాబ్దాలుగా పని జరుగుతూనే ఉంది, ఇంకా మిగిలే ఉంది.

చిన్న యూనివర్సిటీ ల్యాబ్‌లో వెయ్యికి పైగా డిగ్రీల గ్యాసు ఎక్కడ తెస్తాం? తేనక్కర్లేదు. రంధ్రాన్ని పది ఇరవై రెట్లు పెద్దది చేసి, మామూలు గది ఉష్ణోగ్రతలోనే వేగం, సాంద్రతల నిష్పత్తులు అసలు ఇంజన్‌తో కలిసేలా చూస్తాం. అసలు ఇంజన్‌లో చల్లటి గాలి వేడి గ్యాసు కంటే చిక్కగా, బరువుగా ఉంటుంది. గదిలో ఆ తేడా రావడానికి కూలింగ్ గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వదులుతారు, అది గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. సోడా కంపెనీకి వెళ్లే సిలిండరే మీ ల్యాబ్‌కీ వస్తుంది. ఇలాంటి ఉపాయం నాకు ఎప్పుడు చూసినా ముద్దొస్తుంది. పది లక్షల పరికరం లేకుండా అసలు ప్రశ్నని పట్టుకోవడం అంటే ఇది.

పైగా, మీ ఊరికి ఇంజన్లు దూరం కాదు. సునాబేడలో మిగ్, సుఖోయ్ విమానాల ఇంజన్లు చేస్తారు. పర్లాకిమిడి, రాయగడ పిల్లలు ఏరోస్పేస్ అంటే బెంగళూరు అనుకుంటారు, అది మన కోరాపుట్ కొండ మీద 1960ల నుంచి ఉంది. మా నాన్న చెప్పేవారు, షిఫ్టు అయ్యాక పనిముట్లు లెక్క పెట్టి అప్పగించాలి, ఒక్క స్పానర్ తక్కువైనా అది దొరికేదాకా ఎవరూ కదలకూడదు అని. నా ల్యాబ్‌లో ఇప్పటికీ అదే పద్ధతి, స్కాలర్లు వెనకాల తిట్టుకుంటారని తెలుసు.

ఒక్క విమానాలే అనుకోకు. నా దగ్గర చేసిన గంజాం జిల్లా అబ్బాయి ఒకడు ఇళ్ల పైకప్పుల మీద పనిచేశాడు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల ఇంటి రేకులు లేచిపోయాయి, వాడికి అదే ప్రశ్న మిగిలిపోయింది: గాలి పక్క నుంచి కొడుతుంటే రేకు పైకెందుకు లేస్తుంది? సెకనుకు 60 మీటర్లు, అంటే గంటకు 216 కిలోమీటర్ల గాలి పీడనం చదరపు మీటరుకు సుమారు 220 కిలోల బరువుతో సమానం. కప్పు మూలల దగ్గర గాలి అంచు మీద విడిపోయి సుడి తిరుగుతుంది, అక్కడ పైకి లాగే బలం దానికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే రేకు ఎప్పుడూ మూల దగ్గరే మొదట ఊడుతుంది. వాడు చిన్న నమూనా చేసి కప్పు నిండా సూది రంధ్రాలు పెట్టి పీడనం కొలిచాడు. మూల దగ్గర రావాల్సిన దాంట్లో సగమే వస్తోంది. వాడు అప్పుడే "కొత్త విషయం కనిపెట్టాను మేడమ్" అని పేపర్ మొదలుపెట్టాడు. నేను ఒక ఇంజెక్షన్ సిరంజి ఇచ్చి, ఆ గొట్టంలోకి కాస్త గాలి నొక్కి, చివర మూసి, రీడింగ్ నిలబడుతుందో లేదో చూడమన్నాను. పది సెకన్లలో సగానికి పడిపోయింది. నమూనా అడుగున గొట్టం జాయింట్ దగ్గర లీకు. ఐదు రూపాయల సిరంజి వాడి పరువు కాపాడింది. తర్వాత చేసిన రీడింగులతో మంచి థీసిస్ రాశాడు.

ఇప్పుడు మొదటి సీటు గురించి. సీఎఫ్‌డీని, అంటే ప్రవాహాల్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే పనిని, తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోకు, నా విద్యార్థుల్లో సగం మంది అదే చేస్తారు, నిజం చెప్పాలంటే చదువయ్యాక హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు వాళ్లకే తొందరగా దొరుకుతున్నాయి. నా భయం వేరు. సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ జవాబు ఇస్తుంది. మెష్ (లెక్క కోసం ప్రవాహాన్ని ముక్కలు చేసే వల) చెత్తగా ఉన్నా, టర్బులెన్స్ మోడల్ (గాలి అల్లకల్లోలాన్ని అంచనా వేసే సూత్రాలు) ఆ ప్రవాహానికి పనికిరాకపోయినా, రంగురంగుల బొమ్మ మాత్రం వస్తుంది. విండ్ టన్నెల్ తప్పు చేస్తే ఎక్కడో ఒకచోట మొండికేస్తుంది, కంప్యూటర్ మొండికేయదు. కొలతల్లో దెబ్బలు తిన్నవాడు సీఎఫ్‌డీకి వెళ్తే మెష్ రెట్టింపు చేసి జవాబు మారుతుందేమో తనంతట తానే చూస్తాడు. అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు తక్కువ. ఓపెన్‌ఫోమ్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ ఉచితం, రాత్రిళ్లు నేర్చుకోవచ్చు. విండ్ టన్నెల్ ఇంట్లో దొరకదు.

ఇంకో సంగతి, లెక్క చూడు. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లు మించకూడదు. ఆ పెద్దాయన దగ్గర నువ్వు ఎనిమిదోవాడివి. నీతో మాట్లాడేది ఆయన కాదు, ఆయన నాలుగో ఏడు స్కాలర్. ఆ స్కాలర్ మంచివాడైతే నీ అదృష్టం.

నేను చెప్పిన షరతు ఇది: రెండో చోటికి వెళ్లినప్పుడు ల్యాబ్ చూపించమని అడుగు, చూపించకపోతే అదే నీ జవాబు. చూపిస్తే టన్నెల్ లాగ్ బుక్ అడుగు. చివరి ఎంట్రీ ఏ తేదీది? టెస్ట్ సెక్షన్ కిటికీ మీద దుమ్ము ఉందా? ప్రారంభోత్సవం రిబ్బను తప్ప గాలి ఎరగని టన్నెళ్లు నేను చూశాను. ఆ తర్వాత గైడ్ లేనప్పుడు ఒక సీనియర్‌ని టీకి తీసుకెళ్లి మూడు అడుగు. ఫెలోషిప్ నెలనెలా పడుతోందా? ఏదైనా చెడిపోతే బాగుచేసే టెక్నీషియన్ ఉన్నారా, రిటైరయ్యారా? పేపర్లలో మొదటి పేరు ఎవరిది వేస్తారు? వాళ్లు చెప్పే మాట కంటే చెప్పేముందు అటూ ఇటూ చూస్తారా లేదా గమనించు. ఇవి తేడాగా ఉంటే నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను, మొదటి చోటే చేరు.

డబ్బు. కేంద్ర ప్రభుత్వ లెక్కన 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకి 37,000, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, దానిపైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఇంతకంటే తక్కువ, ఆఫర్ లెటర్‌లో అంకె, ఎన్నేళ్లో రాసి ఉందో చూసుకో. నాకు ఒకసారి ఐదు నెలలు ఆగి ఒకేసారి పడింది, ఆ ఐదు నెలలు మెస్ ఆయన దయ మీద తిన్నాను. మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్లు.

నాన్నగారి మాటకొస్తే, ఆయన్ని ఒప్పించే మాటలు నా దగ్గర లేవు, ఆయన అడిగేదాంట్లో న్యాయం ఉంది కూడా. బ్యాంక్ పీవో పరీక్షలకి వయసు 30 దాకానే, రిజర్వేషన్ సడలింపులు వేరే. పీహెచ్‌డీ మూడేళ్లకి ఎవరికీ అవ్వదు, ఐదు అనుకో, బయటికి వచ్చేసరికి నీకు 31. ఆ దారి మూసుకుపోతుందని ఆయనకి నువ్వే ముందు చెప్పు, దాచకు. రెండూ ఒకేసారి చేస్తాను అని మాత్రం ఇంట్లో మాటివ్వకు. హాస్టల్ గదిలో రీజనింగ్ పుస్తకాలు పెట్టుకుని ల్యాబ్‌కి వచ్చిన ఇద్దర్ని చూశాను, ఇద్దరికీ ఏదీ రాలేదు.

చివరగా ఇంటర్వ్యూ. ఇంగ్లీషు గురించి భయపడుతున్నావు, అక్కర్లేదు, ఆగి ఆగి మాట్లాడినా ఫర్వాలేదు. నిన్ను పట్టుకునేది నీ డ్రయర్ దగ్గరే. నువ్వు పెట్టిన గ్రాఫు చూశాను. ట్రేలో 58.4 డిగ్రీలు అని దశాంశంతో సహా రాశావు, ఎర్రర్ బార్ (తప్పు ఎంతవరకు ఉండొచ్చో చూపే గీత) లేదు, థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) కాలిబ్రేట్ చేసిన ఊసు లేదు. నేను బోర్డులో ఉంటే మొదటి ప్రశ్న అదే అడుగుతాను. ఇంకా పది రోజులుంది కదా, ఆ థర్మోకపుల్స్ కాలేజీలోనే ఉంటే రైలెక్కి వెళ్లి తెచ్చుకో. దంచిన ఐసు, కొంచెం నీళ్లు ఫ్లాస్కులో వేసి అన్నిటినీ ముంచు, ఎంత చూపిస్తున్నాయో రాసుకో. తర్వాత మరిగే నీళ్లలో. మీ పర్లాకిమిడి కింద ఉంది కాబట్టి వంద దగ్గరగా రావాలి, సరిగ్గా వంద రాకపోతే ఆ తేడా అలాగే రాయి. ఆ కాగితం ఇంటర్వ్యూకి పట్టుకెళ్లు. ఐసులో ఎంత వచ్చిందో ఇక్కడ కూడా పెట్టు, చూస్తాను.